మూడుతోవల కాడి నిమ్మకాయలు

మక్కరవ్వ కుతకుత ఉడుకుతుంటే అడుగంటకుండా లక్ష్మీనర్సమ్మ తెడ్డుతో తిప్పుతోంది. ఎడమచేత్తో కొంగు ముక్కుకు అడ్డం పట్టుకుంది. పొగ లేదు, మసి లేదు, గ్యాసు పొయ్యే. ఏనుమాముల మార్కెట్లో మిర్చి యార్డు ఊడ్చిన పద్దెనిమిదేళ్లలో అంటుకున్న అలవాటది. ఆ పని మానేసి తొమ్మిదేళ్లయినా, పొయ్యి ముందు నిలబడితే చాలు, చెయ్యి తనంతట తానే ముక్కు మీదికి పోతుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పీలగా, కొంచెం ముందుకు వంగి ఉంటుంది. ఒంట్లో చెప్పుకోదగ్గవి పళ్లొక్కటే. ముప్పై రెండూ ఉన్నాయి. రోజూ తెల్లవారకముందే వేపపుల్లతో అరగంట తోముతుంది. దేవుడికి దీపం పెట్టడం మరిచిపోయినా అది మరిచిపోదు.

ఈ గట్క కొత్త సిస్టరు కోసం. వరంగల్ శివారులో, గుట్ట కింద వాడ చివర, చిన్న మందుల గది పెట్టుకుని ఇద్దరు చర్చి సిస్టర్లు ఉండే ఇల్లది. లక్ష్మీనర్సమ్మ అక్కడ వంటమనిషి. పెద్ద సిస్టరు ఏవో కాగితాల పని మీద హైదరాబాద్ పోయింది. రెండో ఆవిడ నాలుగు రోజుల కిందటే కెన్యా నుంచి దిగింది. పేరు న్యాంబుర. వాడవాళ్లకు నోరు తిరగక 'నల్ల సిస్టరు' అన్నారు. తామేదో పాలమీగడలైనట్టు! లక్ష్మీనర్సమ్మ మాత్రం 'సిస్టరమ్మ' అంటుంది.

సిస్టరమ్మకు ముప్పై ఏళ్లుంటాయి. నర్సు చదువు చదివింది. చెంబు ఎత్తి నీళ్లు తాగబోయి మొదటిరోజు ఒళ్లంతా తడుపుకుంది. దారిన పోయే ప్రతి మనిషికీ, ఆడా మగా తేడా లేకుండా, రెండు చేతులూ చాచి కరచాలనం చేసింది. పప్పుచారు కారానికి కళ్లమ్మట నీళ్లు పెట్టుకుని, మారు అడిగి మరీ తింది. మూడోరోజు వంటింట్లో డబ్బాలు వెతికి, మక్కరవ్వ చూసి కేక పెట్టింది. తనే ముద్దగా వండుకుని, చేత్తో ఉండలు చేసుకుని తింటూ ఏడ్చింది. బియ్యం దొరకని కాలంలో తిన్న గట్కను ఇంత ప్రేమగా తినే మనిషిని లక్ష్మీనర్సమ్మ ఎన్నడూ చూడలేదు. "మీ దేశంల గూడ గిదేనా బిడ్డా!" అని ముక్కు మీద వేలేసుకుంది. ఆ రోజు నుంచి ఆమె సొంత మనిషైపోయింది.

బయట చీపురు చప్పుడు ఆగింది. సిస్టరమ్మ తట్ట పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"చెత్త," అంది గర్వంగా. నోటుపుస్తకంలో రాసుకుని నేర్చుకున్న ముప్పై మాటల్లో అదొకటి. తమ వాకిలితో పాటు ఎదుటివాళ్ల దారి కూడా ఊడవాలని వాళ్లమ్మ నేర్పిందట. వాకిలి ఊడ్చి, రోడ్డు ఊడ్చి, మూడు తోవలు కలిసేచోటు దాకా ఊడ్చుకొచ్చింది.

లక్ష్మీనర్సమ్మ తట్టలోకి చూసింది. కోసి కుంకుమ అద్దిన నిమ్మకాయలు ఐదు. ఎర్ర అన్నం. మాడిన మిరపకాయలు. నల్లకోడి తల.

"అయ్యో నా తల్లీ! గివెందుకు ఎత్తినవే!"

నాలుగిళ్ల అవతల ఆటో గట్టయ్య బిడ్డ కావ్యకు ఐదు రోజులుగా జ్వరం. గట్టయ్య తల్లి సారలమ్మ నిన్న మునిమాపు మనవరాలికి దిష్టి తీసి, వెనక్కి చూడకుండా మూడుతోవల కాడ వదిలిపోయింది. అట్లా వదిలినవాటిని ఎవరూ ముట్టరు, దాటరు. బండి చక్రాలు తొక్కి మట్టిలో కలిసిపోవాలి. ఎత్తుకుపోయేది ఒక్కరే, చేతబడి చేసినవాళ్లు. ఇది ఈ వాడలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

"ఎవలన్న చూసిండ్రా?"

సిస్టరమ్మకు అర్థం కాలేదు. లక్ష్మీనర్సమ్మ గట్టయ్య ఇంటి వైపు వేలు చూపింది, చెంప కింద చేతులు పెట్టి పడుకున్న పిల్లలా నటించింది, నుదురు తాకి జ్వరం చూపింది, నిమ్మకాయ తీసి సిస్టరమ్మ తల చుట్టూ మూడుసార్లు తిప్పి విసిరినట్టు చేసింది. ఇట్లాంటివి వాళ్ల దేశంలోనూ ఉన్నాయి కాబోలు, సిస్టరమ్మ తట్టను చప్పున కింద పెట్టేసింది.

ఎక్కడివక్కడ పెట్టేస్తే సరిపోతుందనుకుంది లక్ష్మీనర్సమ్మ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తట్టను కొంగు కింద దాచుకుని మూడుతోవల కాడికి పోయి, గొంతుక్కూచుని, నిమ్మకాయలు ఒక్కొక్కటే సర్దుతుంటే మలుపు తిరిగి ఆటో వచ్చి ఆగింది. గట్టయ్య. రైల్వే స్టేషన్ దగ్గర తెల్లవారుజాము గిరాకీ చూసుకుని వస్తున్నాడు. ఆమె చేతిలోని నిమ్మకాయను చూశాడు.

"ఏం చేస్తానవ్ పెద్దమ్మా?"

"ఏం లేదు కొడుకా. కుక్కలు గుంజినయ్. జర సదురుతాన."

గట్టయ్య ఆటో ఇంజను ఆపకుండానే దిగి, పక్కనే ఉన్న తన ఇంట్లోకి పోయాడు. అబద్ధం ఆడి ఉండకూడదని ఆమెకు అప్పుడే అనిపించింది, కానీ నిజం ఇంకా చెడ్డది.

ఖాళీ తట్ట చంకన పెట్టుకుని గబగబా ఇంటి ముఖం పట్టింది. ఈ భయం ఆమెకు కొత్త కాదు. ములుగు అవతల అడవి పక్కన వాళ్ల ఊరు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు ఊళ్లో వారం తేడాతో మూడు ఎడ్లు చచ్చాయి. పది మంది మగవాళ్లు ఇంటి ముందుకొచ్చి, ఆమెను బండరాయి మీద నిలబెట్టి, "మీ అవ్వ రాత్రి బయటికి పోయిందా?" అని అడిగారు. "పోయింది," అందామె. పోయింది నిజమే. కడుపునొప్పి లేచి వాగు గడ్డకు పోయింది. ఆ రెండో మాట చెప్పే లోపల వాళ్లు కన్నతల్లిని, అవ్వను, జుట్టు పట్టి లాగారు. మంత్రం పలక్కుండా కమ్మరి పట్టకారుతో పళ్లు పీకారు. ముందువి నాలుగు ఊడి వచ్చాయి, మిగతావి విరిగాయి. అవ్వ ఆ తర్వాత పదకొండేళ్లు వరంగల్లో ఒక అద్దె గదిలో గట్క తాగి బతికింది. 'ఎందుకట్లా చెప్పినవే' అని కూతుర్ని ఒక్కసారీ అడగలేదు. అడిగి, నాలుగు తన్ని ఉంటే లక్ష్మీనర్సమ్మ బతుకు ఇంకోరకంగా ఉండేది. పెళ్లి, తాగి తన్నే మొగుడు రాజమల్లు, అతని చావు, పిల్లలు లేకపోవడం, ఇవన్నీ వచ్చి పోయాయి. ఏదీ ఆ ఒక్క మాటంత బరువు కాలేదు.

ఆమె గిన్నెలు తోముతుండగా సిస్టరమ్మ సంచీ తీసుకుని గేటు దాటిపోయింది. లక్ష్మీనర్సమ్మ తడిచేతులతోనే వెంటపడింది. అప్పటికే సిస్టరమ్మ గట్టయ్య ఇంట్లో చాప మీద కూర్చుని కావ్య చెయ్యి పట్టుకుని చూస్తోంది. పిల్ల చేతి మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ల దగ్గర నెత్తురు.

"హాస్పిటల్. ఇప్పుడు," అంది సిస్టరమ్మ. ఆ గొంతులో భాష రాకపోయినా భయపెట్టే గట్టితనం ఉంది. గట్టయ్య పిల్లను ఎత్తి ఆటోలో వేశాడు. సిస్టరమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని, పిల్ల తల్లి పక్కన, వెనక కూర్చుంది. గడపలో నిలబడ్డ సారలమ్మ ఆటో వంక చూడలేదు. కళ్లు రెండూ లక్ష్మీనర్సమ్మ మీదే పెట్టింది.

పదింటికి నల్లా దగ్గర బిందె పెట్టబోతే ఆడవాళ్లు తమ బిందెలు పక్కకు జరుపుకున్నారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండును అనుకుంది. కుట్టుమిషను పద్మలత మాత్రం వెనకాలే గేటు దాకా వచ్చి గుసగుసగా చెప్పింది.

"నర్సక్కా, రెండు దినాలు ఏడికన్న పో. నిమ్మకాయలు ఎత్తంగ గట్టయ్య చూసిండట. సారలమ్మ నీ పేరే తీస్తాంది. పోరికేమన్నయితే ఊకోరు."

"నేనేడికి పోదు? సిస్టరమ్మ ఒక్కతే ఉన్నది."

"ఆమెకేమైతది? ఆమె జోలికెవలు పోతరు?"

లక్ష్మీనర్సమ్మ బిందె చంకకెత్తుకుని లోపలికి నడిచింది. ఎవరి జోలికి ఎవరు పోతారో ఆమెకు తెలుసు. ఊరూ పేరూ తెలియని మనిషి, రంగు వేరు, మాట వేరు. ఊడ్చింది సిస్టరమ్మే అని తెలిస్తే ఇంక సాక్ష్యం అక్కర్లేదు. పోనీ, ఇద్దరమూ కలిసి పోదామంటే ఆ సంగతి సిస్టరమ్మకు ఏ సైగతో చెప్పాలి? పెద్ద సిస్టరుకు ఫోను చేసింది. రింగయి రింగయి ఆగిపోయింది. తర్వాత బియ్యం ఏరింది, పెరట్లో బట్టలు ఆరేసింది, మందుల గది తుడిచింది.

మూడింటికి సిస్టరమ్మ వేరే ఆటోలో తిరిగొచ్చింది. డెంగీ అని వేళ్లతో దోమను చూపి, నెత్తురు ఎక్కిస్తున్నారని చెయ్యి చూపి చెప్పింది. చల్లారిన గట్కలో మజ్జిగ పోసుకుని ఇద్దరూ తిన్నారు. సిస్టరమ్మ నోటుపుస్తకం తెరిచి ఒక్కొక్కటే చూపించి పేర్లు అడిగింది. తెడ్డు, మూకుడు, ఉట్టి. చివరకు నవ్వుతూ లక్ష్మీనర్సమ్మ నోటి వైపు వేలు చూపింది.

"పళ్లు," అంది లక్ష్మీనర్సమ్మ.

"పళ్లు. మంచి పళ్లు."

ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆరింటికి ఇంకా వెలుగు పోలేదు. గేటు దబదబా మోగింది. గట్టయ్య, అతని బావమరదులిద్దరు, వెనక సారలమ్మ, ఆ వెనక వాడ సగం. నాలుగింటికి పిల్ల నెత్తురు కక్కిందట. గట్టయ్య తాగి లేడు. తాగి ఉంటే చెయ్యి తడబడేది.

"పెద్దమ్మా, నిజం చెప్పు," అన్నాడు. "పొద్దుగాల ఆ నిమ్మకాయలు ఎత్తింది ఎవలు?"

పొద్దున ఆమెను పెద్దమ్మా అని పిలిచినవాడే. ఇప్పుడూ అదే పిలుపు. లక్ష్మీనర్సమ్మకు తన వీపు వెనక, గడప దగ్గర, సిస్టరమ్మ నిలబడ్డ అలికిడి తెలుస్తోంది. 'తెల్వక సిస్టరమ్మ ఊడ్చింది.' అంతే చెప్పాలి. అది నిజం కూడా. తొమ్మిదేళ్లప్పుడు చెప్పిందీ నిజమే.

"నేనే ఎత్తిన," అంది.

మొదటి దెబ్బ మెడ మీద పడింది. వెదురుకర్ర. రెండోది మోకాలి వెనక పడేసరికి కూలిపోయింది. బావమరది ఒకడు ఆమె జుట్టు చేతికి చుట్టుకుని గేటు బయటికి ఈడ్చాడు. మట్టిరోడ్డు మీద మోచేతుల తోలు లేచిపోయింది. సిస్టరమ్మ అరుస్తూ పరుగెత్తుకొచ్చి గోడకున్న చీపురు అందుకుంది. "నేను! నేను!" అంటూ రోడ్డు ఊడ్చి చూపించింది, గుండెల మీద కొట్టుకుంది. గట్టయ్య ఒక్క క్షణం ఆగి ఆమె వంక చూశాడు.

లక్ష్మీనర్సమ్మ నేల మీంచే తల ఎత్తింది. "ఆమెకు మన మాట రాదు కొడుకా. భయానికి మతి పోయి పిస్సలేసినట్టయితాంది. లోపటికి పంపుండ్రి."

ఇద్దరు మగవాళ్లు సిస్టరమ్మను రెక్కలు పట్టి గేటు లోపలికి తోసి గొళ్లెం పెట్టారు.

మూడుతోవల కాడికి ఈడ్చుకుపోయాక కర్రలు రెండయ్యాయి. పక్కటెముకలు విరిగిన చప్పుడు ముందు వరసలో నిలబడ్డవాళ్లందరికీ వినిపించింది. "పళ్లు రాలగొట్టుండ్రి, మంత్రం ఆగుతది!" అని సారలమ్మ అరిచింది. గట్టయ్య ఆటోలోంచి పానా తెచ్చాడు. నలుగురు చేతులూ కాళ్లూ తొక్కి పట్టారు. అతడు కొడుతూనే ఏడ్చాడు. "నా బిడ్డను ఇడిసిపెట్టు పెద్దమ్మా, ఇడిసిపెట్టు," అని ఏడుస్తూ మళ్లీ కొట్టాడు. పది పదిహేను సెల్‌ఫోన్లు పైకి లేచాయి. పద్మలత ఒక్కతే పోలీసులకు ఫోను చేసింది. వాళ్లు వచ్చి సిస్టర్ల గేటు గొళ్లెం తీసేసరికి ముప్పావుగంట పట్టింది.

అంబులెన్సులో సిస్టరమ్మ లక్ష్మీనర్సమ్మ చెయ్యి వదల్లేదు. నోటి నిండా గుడ్డ కుక్కింది, అది తడిసింది, ఇంకోటి పెట్టింది. పెద్ద చౌరస్తాలో ఎవరూ దారి ఇవ్వక బండి ఆగింది. సిస్టరమ్మ వేళ్లను పట్టుకున్న వేళ్లు అక్కడ వదులయ్యాయి. సిస్టరమ్మ నాడి చూసింది. ముందున్న డ్రైవరుకు ఏమీ చెప్పలేదు. సైరను మోగుతూనే ఉంది, బండి మళ్లీ కదిలింది.

కావ్య బతికింది. మూడోరోజుకు రక్తకణాలు పెరిగాయి, ఐదోరోజు ఇంటికి పంపారు. అప్పటికి గట్టయ్య జైల్లో ఉన్నాడు. పెద్ద సిస్టరు తిరిగొచ్చాక న్యాంబుర పోలీస్ స్టేషన్లో కూర్చుని చీపురు సంగతి, తట్ట సంగతి మొత్తం చెప్పింది. పెద్ద సిస్టరు తెలుగులో చెప్పింది, ఎస్సై రాసుకున్నాడు. "కానీ తనే ఎత్తిన అని ఆమె అందరి ముంగట ఒప్పుకున్నది కదమ్మా," అన్నాడు. పెద్ద సిస్టరు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది. ఆ సాయంత్రం లక్ష్మీనర్సమ్మ ఏమందో న్యాంబురకు తెలిసింది అప్పుడే. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

ఇంటికొచ్చి, ఆ రోజు నుంచి మూసి ఉన్న వంటింటి తలుపు తీసింది. పుల్లటి వాసన గుప్పుమంది. గట్టు మీద, మర్నాడు గుగ్గిళ్లలా ఉడికించే గుడాల కోసం లక్ష్మీనర్సమ్మ నానబోసిన బొబ్బర్ల గిన్నె ఉంది. దాని మీద పళ్లెం బోర్లించి ఉంది. పిల్లి తోసెయ్యకుండా పళ్లెం మీద పెట్టిన చెంబులో అంచు దాకా నీళ్లున్నాయి.