చివరి కొర్రీ

తన గది తాళం తీయకముందే కొర్రీలాయన కింది అంతస్తులోని ఫ్రీజర్ల గదికి వెళ్లాడు. రోజూ వెళ్తాడు. భుజాన క్యారియర్ సంచి, చేతిలో కళ్లజోడు పెట్టె, నుదుటి మీద నిద్రలో కూడా విడని రెండు మడతలు. కిటికీ పక్కనున్న పాత ఫ్రీజరు ముందు నిలబడి, తలుపు మీద ఎర్రగా వెలుగుతున్న అంకెలు చదివాడు. మైనస్ ఎనభై. అప్పుడు గానీ మనిషి కుదుటపడలేదు.

"ఏంటి సార్, రాత్రికి రాత్రే నేను దీన్ని అమ్మేసుకుంటానని భయమా?" అన్నాడు టెక్నీషియన్ గుమ్మం బయట టీ తాగుతూ.

"మెయింటెనెన్సు డబ్బులు మన దగ్గర్నుంచేగా పోయేది. చూసుకోవద్దటయ్యా?"

అది అబద్ధమేమీ కాదు. విశ్వవిద్యాలయంలోని ఆ వైద్య విభాగానికి పరిశోధనల కోసం వచ్చే గ్రాంట్లన్నీ ఆయన బల్ల మీదుగానే ఖర్చవ్వాలి. ఏ ఖర్చు ఏ పద్దులో పడాలో, ఏ పద్దును ఎవరూ ముట్టుకోకూడదో చూడటం ఆయన పని. ఫైలు వస్తే చాలు, ఎక్కడో ఒక లొసుగు పట్టుకుని, అంచున పెన్సిలుతో ప్రశ్న రాసి వెనక్కి తిప్పి పంపుతాడు. ఆఫీసు భాషలో దాని పేరే కొర్రీ. పెద్ద ప్రొఫెసరు గారు సదస్సుకు వెళ్లొచ్చి భోజనం బిల్లు పెడితే, ‘సదస్సు వారే భోజనం పెట్టినప్పుడు తమరు రెండోసారి ఎందుకు తినవలసి వచ్చింది?’ అని రాసిన మనిషి. ఆ దెబ్బతో అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఇంట్లోనూ అదే వరస. ఓ కుర్చీ కొనాలన్నా ఊళ్లో దుకాణాలన్నీ తిరిగి, చివరికి మొదటి దుకాణంలోనే కొనేవాడు. "నన్ను చేసుకునే ముందు కూడా మూడు కొటేషన్లు పిలిచారా ఏమిటి?" అని భార్య దెప్పేది. "పిలవలేదు. అందుకేగా ఇలా ఇరుక్కుపోయాను" అనేవాడు. వంటింట్లో ఆవిడ నవ్వితే వీధి గుమ్మం దాకా వినబడేది. ఇప్పుడు దెప్పేవాళ్లు లేక, ఆ ఇంట్లో ఆయన గొంతు ఆయనకే కొత్తగా ఉంటోంది.

ఆవిడ రక్తం ఆ పాత ఫ్రీజర్లో ఉంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు చేసి ఈ విభాగంలోనే చూపించుకుంటున్న రోజుల్లో, పరిశోధనకు కాస్త రక్తం ఇస్తారా అని అడిగారు. ఆవిడ చేయి చాపుతూ, "ఏమండీ, దీనికైనా కొర్రీ వేయకుండా తీసుకోమనండి" అంది. ఆ ఏడాది వానలు వెనకబట్టక ముందే పోయింది. రక్తం మాత్రం సన్నటి గొట్టాల్లో, పేరు లేకుండా నంబరుతో, వందలమంది రోగుల గొట్టాల మధ్య ఉండిపోయింది. ఏవి ఆవిడవో ఆయనకు తెలియదు. తెలుసుకునే హక్కూ లేదు. తెలియదు కాబట్టి ఫ్రీజరు మొత్తం ఆవిడే అనుకోవడం అలవాటైపోయింది. మరదలు వచ్చి చీరలు పట్టుకెళ్తానంటే మారుమాట లేకుండా ఇచ్చేశాడు. అవి ఆవిడ కట్టుకున్నవి మాత్రమే. ఫ్రీజర్లో ఉన్నది ఆవిడ.

చిక్కల్లా ఏమిటంటే, ఆ గొట్టాలను దూరాన ఉన్న మరో పరిశోధనా కేంద్రానికి పంపాలి. అక్కడి యంత్రంతో పరీక్షిస్తే, ఈ జబ్బు ఎవరిలో త్వరగా ముదురుతుందో ముందే కనిపెట్టే వీలుందట. డబ్బు మంజూరై మూడేళ్లయింది. ఫైలు మాత్రం కొర్రీలాయన బల్ల దాటలేదు. దారిపొడుగునా చల్లదనం నిలిపే డ్రై ఐసు సరుకుల పద్దులోకి వస్తుందా, రవాణా పద్దులోకి వస్తుందా అని ఒకసారి వెనక్కి పంపాడు. కొటేషను గడువు దాటిపోయిందని ఇంకోసారి పంపాడు. ఆ గడువు దాటింది ఫైలు ఆయన సొరుగులో ఉండగానే. తను చేస్తున్నదేమిటో ఆయనకు తెలుసు. తెలిసే చేశాడు, సిగ్గుపడుతూనే చేశాడు.

మధ్యాహ్నం క్యారియర్ మూత తీయబోతుంటే చిన్న డాక్టరమ్మ వచ్చింది. ఆ పరిశోధన నడిపేది ఈవిడే. విభాగంలో అందరికంటే వయసులో చిన్నది కావడంతో ఆ పిలుపు.

"ఇవాళ్టితో గ్రాంటు గడువు అయిపోతోంది సార్. మీరు ఏం రాసినా ఇక్కడే కూర్చుని జవాబు రాసిస్తాను. మీరు పాస్ చేస్తే రవాణా వాళ్లు సాయంత్రమే వ్యాను పంపిస్తామన్నారు."

ఆయన పేజీలు తిప్పాడు. కొటేషన్లు ఉన్నాయి. పద్దులు సరిపోయాయి. సంతకాలు ఉండాల్సిన చోటల్లా ఉన్నాయి. లొసుగు దొరక్కపోయేకొద్దీ పేజీలు ఇంకా నెమ్మదిగా తిప్పాడు. బీమా కాగితం దగ్గర పెన్సిలు ఆగింది. ‘సరుకు విలువ’ అన్నచోట ‘వాణిజ్య విలువ లేదు’ అని ఉంది.

"విలువ లేదని ఎవరు రాశారమ్మా ఇది?"

"అందరూ అలాగే రాస్తారు సార్. అమ్మే సరుకు కాదుగా."

"విలువ లేకపోతే ఇన్నేళ్లు కరెంటు ఎందుకు తగలేశాం?" గొంతు ఎప్పుడు లేచిందో ఆయనకే తెలియలేదు. పక్క గదిలో మాటలు ఆగిపోయాయి.

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "అవక్కడ భద్రంగా ఉన్నాయనుకుంటున్నారా సార్? పాత ఫ్రీజరది. ఏటా కాస్త కాస్తగా పాడవుతూనే ఉన్నాయి. ఇంకొన్నాళ్లు పోతే నంబర్లు మిగులుతాయంతే, పరీక్ష చేయడానికి లోపలేమీ ఉండదు. పాపం వాళ్లంతా ఇందుకా ఇచ్చింది?"

రోజూ పొద్దున్నే మైనస్ ఎనభై చదువుకుని, ఏమీ పోలేదులే అనుకున్నాడు. పోతూనే ఉందన్నమాట. ఆయన పెన్సిలు కింద పెట్టాడు.

"మా ఆవిడ కూడా ఇచ్చిందమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుంది. ఫైలు తాడు వేలికి చుట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించి అంది: "నంబరు వెతికిస్తాను సార్. ఒక్కొక్కరివి నాలుగైదు గొట్టాలుంటాయి. ఒకటి ఇక్కడే ఉంచేద్దాం. ఎవరూ అడగరు."

ఒక్క గొట్టం. చిటికెన వేలంత. ఆవిడదని ఖాయంగా తెలిసిన గొట్టం. జీవితంలో ఏదీ ఆయనకు అంతగా కావాలనిపించలేదు. సరే అనడానికి నోరు తెరిచాడు కూడా. కొర్రీలకు అలవాటు పడ్డ నాలుక ఇంకో మాట అంది.

"ఏ పద్దు కింద ఉంచుతావమ్మా? గ్రాంటు ఇవాళ్టితో సరి. ఒక్క గొట్టానికి ఫ్రీజరు నడపడానికి రూలు ఒప్పుకోదు." కళ్లజోడు తుడుచుకుంటూ, "అయినా ఆవిడ ఇచ్చింది నాకు కాదుగా" అన్నాడు.

విలువ రాసిన చోటు జోలికి పోలేదు. అక్కడ వేయడానికి ఆయన దగ్గరా అంకె లేదు. పెన్ను తీసి, పేజీ చివర సంతకం పెట్టి, ఫైలు ఆవిడ చేతికిచ్చాడు. క్యారియర్ ఆ రోజు విప్పనేలేదు.

సాయంత్రం కిందికి వెళ్లేసరికి పని సగం అయిపోయింది. టెక్నీషియన్ అరలు ఒక్కొక్కటే తీసి డ్రై ఐసు నిండిన పెట్టెల్లో సర్దుతున్నాడు. తెల్లటి పొగ నేల మీద పాకుతూ ఆయన చెప్పుల దాకా వచ్చింది. ఆఖరి పెట్టెకు టేపు వేశాక, ఆయన దగ్గరికెళ్లి మూత మీద అరచేయి ఆనించాడు. మందపాటి థర్మోకోల్. చల్లదనం కూడా చేతికి తగల్లేదు.

"కుదుపులు లేకుండా పోనీ నాయనా" అన్నాడు వ్యాను డ్రైవరుతో.

"అలాగేనండీ" అని డ్రైవరు తలుపు వేశాడు. వ్యాను గేటు దాటి, రోడ్డు మీది బళ్లలో కలిసిపోయింది. పుట్టింటికి బయల్దేరిన భార్యను బస్సు ఎక్కించినవాడిలా ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు.

లోపల టెక్నీషియన్ ప్లగ్గు పీకి, మంచు కరగడానికి ఫ్రీజరు తలుపు బార్లా తెరిచి, ఇంటికెళ్లిపోయాడు. అడ్డగోలుగా అరలు, అడుగున నీళ్లు. ఆయన గదంతా ఒకసారి చూసి, దీపం ఆర్పబోయి ఆగాడు.

ఖాళీ పెట్టెల మీద చలికి వేసుకునే మందపాటి గ్లవుజు ఒకటి మరిచిపోయి ఉంది. పైనున్న మంచు కరిగి బొట్లు బొట్లుగా కారుతున్నా, దాని వేళ్లు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.