అక్క చెయ్యి

పనిలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో చేరిన మొదటి రోజే, ఎవరి పేరు పక్కనో తన ఎడమచేతి ఫొటో చూసి అక్క అదిరిపడింది. ప్రెస్సులో కాగితాలు కోసే మిషను రెండు వేళ్లు తీసేసిన చెయ్యి. మణికట్టు మీది పుట్టుమచ్చతో సహా తనదే. ఆ పేరంటే గ్రూపంతా ప్రాణం పెడుతోంది. ఆస్పత్రిలో ఆ ఫొటో తీసింది తమ్ముడొక్కడే.

ఫోను తెచ్చి వాడి ముందు పెట్టింది.

"ఏరా, నీ పది వేళ్లూ భేషుగ్గా ఉన్నాయిగా? నా ఎనిమిదెందుకురా నీకు?"

తమ్ముడు తలెత్తలేదు.

"ఇంకెక్కడ నా మొహం ఫొటో పెట్టి రాసినా ఒక్కడూ పలకలేదక్కా. నీ చెయ్యి పెట్టాక, తిన్నావా అని రోజూ అడుగుతున్నారు. నా పెళ్లి ఫొటోలో మాత్రం నిన్ను అదే చెయ్యి వెనక్కి దాచుకోమన్నాను."