రెండు బల్లల పడవ

కన్యాకుమారి, సింధూరి ఇద్దరూ పెళ్లి మాట ఎత్తకుండా, రాజాంలో నాన్న పెట్టిన పుస్తకాల షాపు నడుపుకుంటూ ఉండిపోయిన అక్కచెల్లెళ్లు. పడవ ఆలోచన పెద్దదైన కన్యాకుమారిది. ఫోన్లో ఒక వీడియో చూసి, ఇంట్లో చెక్క పడవలు కట్టుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరింది. ప్లైవుడ్ ముక్కల్ని రాగి తీగతో కుట్టి, సందుల్లో జిగురు నింపడం వాళ్లే నేర్పారు.

"ముందొక బల్ల, యెనకొక బల్ల ఎట్టు అప్పా. మడ్డువలస రిజర్వాయర్లో ఇద్దరం తిరుగుదాం," అంది సింధూరి అక్కతో.

పడవకి ఆకారం వచ్చే వేళకి సింధూరికి సంబంధం వచ్చింది. పర్లాకిమిడిలో బియ్యం వ్యాపారి, భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. నలభై ఆరేళ్ల చెల్లెలు తల దించుకుని "ఏటి సెయ్యమంటావు?" అని అడిగితే, "సేసుకో," అంది కన్యాకుమారి. తనే దగ్గరుండి పెళ్లి చేసింది.

తర్వాత పడవ పెరట్లో టార్పాలిన్ కింద ఉండిపోయింది. షాపు మూసి ఇంటికొస్తే ఒక్కదాని కోసం వండుకోబుద్ధయ్యేది కాదు. ఒకరోజు గ్రూపులో వాయిస్ మెసేజ్ నొక్కితే, ఎన్నడూ చూడని భీమిలి ఎల్లాజీ గొంతు వినిపించింది. "సెల్లెమ్మా, ఫొటోలు ఎట్టడం మానీసినావేటి? ఒంట్లో బాగున్నాదా?" మిగతావాళ్లూ అడిగారు. ఆ మాటలు రెండుసార్లు వింది. మర్నాడు టార్పాలిన్ తీసి గరుకు కాగితం పట్టుకుంది.

పడవ నీళ్లలో దించే ఆదివారం సింధూరి వస్తానంది. పొద్దున్నే ఫోను. "మా అత్తకి జ్వరమే అప్పా. రానేను."

కన్యాకుమారి వ్యాన్ మాట్లాడుకుని ఒక్కతే వెళ్లింది. వెనక బల్ల మీద కూర్చోగానే ముక్కు పైకి లేచి పడవ గిరగిరా తిరిగింది. ఒడ్డుకొచ్చి గ్రూపులో అడిగితే, ముందు బల్ల మీద ఇసుక మూట పెట్టమన్నారు. పెట్టింది. పడవ తిన్నగానే సాగింది. కానీ ఎదురుగా చెల్లెలు కూర్చోవాల్సిన చోట ఆ మూటని చూస్తూ తెడ్డు వెయ్యలేకపోయింది. నాలుగు బారలు పోయి వెనక్కొచ్చేసింది.

ఆ వారమంతా ఆలోచించి రెండు బల్లలూ కోసేసి, మధ్యలో ఒకటే బిగించింది. కోస్తున్నంతసేపూ ఏడ్చింది. ఆ సంగతి మాత్రం గ్రూపులో చెప్పలేదు.

మళ్లీ ఆదివారం పడవ మాట విన్నది. రిజర్వాయర్ మధ్యలో ఉండగా సింధూరి వీడియో కాల్ చేసింది.

"నా బల్ల ఏదే అప్పా?"

"తీసీసేను."

సింధూరి కళ్లు తుడుచుకుంది. "నాను వస్తానని సెప్పేను కదా," అంది.

"వస్తే ఒడ్డున కూకుని సూడు. నువ్వు వచ్చేదాకా ఆగితే ఇది పెరట్లోనే ఉండిపోతాదే సింధూ."

"కోపమా?"

"కోపం కాదు. నువ్వు లేకపోతే తోచడం లేదు, అంతే." పెళ్లయ్యాక ఆ మాట చెల్లెలితో అనడం అదే మొదలు.

ఫోన్ సంచిలో పెట్టి తెడ్డు అందుకుంది. చుట్టూ పలకరించే మనిషి లేడు. చేతులు నొప్పెట్టేదాకా తిరిగింది.

ఒడ్డున వ్యాన్ డ్రైవరు పడవ ఎత్తుతూ, "వచ్చే వారం కూడా వస్తారా అమ్మా?" అన్నాడు.

"వస్తాను," అంది కన్యాకుమారి. "ఇంకాస్త పెందలాడే ఎల్దాం."