కడగని షెడ్డు

ఊపిరాడక పడిపోయిన భాగ్యమ్మక్కను షెడ్డులోంచి బయటికి మోసుకొచ్చింది నేనే. ఆమె నోట్లో మట్టి కొట్టిందీ నేనే. సిగ్గిడిచి చెప్తన్నా, వినండి.

త్రిపురాంతకం రోడ్డులో మురళీకృష్ణ డెయిరీకి నేను మేస్త్రీని. మా కాలనీ ఆడోళ్లు పన్నెండు మంది నా కింద పేడ ఎత్తుతారు. వడగాలికి జెర్సీ ఆవులు పాలు తగ్గిస్తాయని ఓనరు షెడ్డు చుట్టూ పరదాలు కట్టించినాడు. ఉచ్చకాలవ పూడిపోయి నెలలైంది. గాలాడక ఆ ఉచ్చ ఘాటుకి కళ్లు మంట, గొంతు మంట. ఆదివారం చర్చిలో మావాళ్ల కళ్లు కారతంటే ఎంత భక్తో అని పాస్టరయ్య మురిసిపోయినాడు. థూ, నేనూ ఆమేన్ అన్నా.

అక్క పడిపోయినాక లేబరాఫీసులో అర్జీ పెట్టింది. ఆఫీసరు వచ్చే పొద్దు ఓనరు చెప్పినట్టే పరదాలు ఎత్తించి, షెడ్డంతా కడిగించి, ఫినాయిలు చల్లించినా.

"రోజూ ఇట్లే ఉంటదా?" అనడిగినాడు ఆఫీసరు.

"ఇట్లే సార్," అన్నా నేను.

"ఏంది తమ్ముడూ ఇది?" అంది అక్క. అంతే. మర్నాడు అబద్ధాలకోరని ఆమెను పనిలోంచి తీసేసినారు. ఓనరు నా భుజం తట్టినాడు. ఆ భుజం ఇప్పటికీ నాకు కంపే.

ఆ ఆదివారం చర్చి వాకిట్లో అందరూ కూడినారు. నేను గోడవారన నిలబడినా.

"పని మానేద్దాం," అంది ఒకామె.

"మానితే వేరేవాళ్లను తెచ్చుకుంటాడు," అంది మాకోసమని వచ్చిన, పాలు పితికే షబానా. "మళ్లీ అర్జీ పెడదాం. ఆఫీసరు వచ్చే పొద్దు కడగొద్దు. రోజూ ఉన్నట్టే చూడనీ."

"మరి మేస్త్రీ?"

అందరూ నావైపు తిరిగినారు. నా తల లేవలా.

మళ్లీ అర్జీ పెట్టినారు. ఆఫీసరొచ్చే పొద్దు రానే వచ్చింది. ఆడోళ్లంతా షెడ్డు గుమ్మానికి అడ్డం కూర్చున్నారు, ముందర భాగ్యమ్మక్క. ఓనరు నా చేతిలో పైపు పెట్టినాడు. "కడుగు రా!"

పైపు కింద పడేసినా. "కడగను."

"నా ఉప్పు తిని!"

"ఎవరి ఉప్పు ఎవరు తింటన్నారయ్యా?" అని లేచింది షబానా.

ఆఫీసరు లోపలికి పోయి రెండు నిమిషాలు నిలబడలేకపోయినాడు. కళ్లు తుడుచుకుంటా వచ్చి, "అప్పుడట్ల చెప్పినావే?" అన్నాడు.

"అబద్ధం చెప్పినా సార్. నా పేరుతోనే రాసుకోండి."

ఓనరు ఫోనుకి పోలీసు జీపొచ్చింది. పని ఆపించినానని నన్నెక్కించినారు.

"తప్పయింది అక్కా," అన్నా.

"అది తర్వాత. నా దగ్గు ఇంకా తగ్గలా," అంది.

అక్క చీర కొంగు నడుముకి చుట్టి, కొడవలి పట్టుకోని షెడ్డు దిక్కుకి నడిచింది. వెనకే అందరూ. జీపు కదిలేలోపల ఓనరు కళ్లముందరే పరదాల తాళ్లు కోసేసినారు.

"కాలవ తీసిందాకా పేడ ఎత్తం!"

రోడ్డు మలుపు దాటినా ఆ కేకలు వినపడతానే ఉన్నాయి.