ఏ ఎలుకకి ఏ సూది

“మూతి అలా పెట్టకు. నీకు తెలియకపోవడమే మాకు లాభం” అని నవ్వుతుంటాడు మా ఆయన. గిన్నెలు తోముతున్నప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చి మసిగిన్నె మీద నా ప్రతాపం చూపిస్తుంటాను.

ఆయన ల్యాబుకి పెద్ద. తలకి దెబ్బ తగిలితే మెదడులో కణాలు కొన్నే అక్కడికక్కడే చస్తాయి. మిగతావి ఆ తర్వాత వాపుతో, విషంతో, మెల్లగా చస్తాయి. ఆ మిగతావాటిని కాపాడే మందు కోసమే మా తిప్పలన్నీ. దెబ్బతిన్న ఎలుకల్లో కొన్నింటికి మందు, పోల్చి చూడ్డానికి కొన్నింటికి ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కిస్తారు. అవి సన్నటి చెక్క మీద నడుస్తుంటే, కాలు ఎక్కడ జారిందో చూసి మార్కులు వేసేది నేను. దేనికి ఏది ఎక్కిందో మార్కులు వేసే మనిషికి తెలియకూడదు. తెలిస్తే కన్ను ఒక పక్కకి మొగ్గుతుంది. అలా ఏమీ తెలియని మనిషి కావాల్సివచ్చి ఆయన నన్ను తీసుకెళ్ళాడు. ఆయన చదివిన చదువే నేనూ చదివాను, బాబు పుట్టాక మానేశాను. మానేసిన రోజు ఏడవలేదు కూడా. ఏడుపు తర్వాతెప్పుడో మొదలైంది. “ఇంట్లో ఊరికే కూర్చునే బదులు మావాడికి సాయంగా ల్యాబుకి వెళ్ళొచ్చుగా” అంది అత్తగారు, నేను ఊరికే ఎప్పుడు కూర్చున్నానో మాత్రం చెప్పకుండా. జీతం ఊసే లేదు. ఇంటిమనిషికి జీతమేమిటి!

ఈ ఏడు మందు కలపడానికో పిల్ల వచ్చింది. నేను గుమ్మంలోకి రాగానే ఆయనా ఆ పిల్లా టక్కున మాటలాపేస్తారు. “సారీ అక్కా, మీరు వినకూడదు” అంటుంది తెల్లకోటు సర్దుకుంటూ. అది పద్ధతే, తప్పు పట్టడానికి లేదు. వాళ్ళ మధ్య ఇంకేదో ఉందని కాదు నా బాధ. ఉంటే నోరారా తిట్టుకుందును. ఆ పిల్లకి తెలుసు, నాకు తెలీదు, అంతే. నాతో ఆయన పాల ప్యాకెట్ల గురించి మాట్లాడతాడు. ఆ పిల్లతో ఎంత మందు, దెబ్బ తగిలాక ఎంతసేపటిలోగా ఇవ్వాలి అని గంటలకొద్దీ. ఆలస్యమైతే ఏ మందూ పనిచెయ్యదని పెళ్ళికి ముందు ఆయనతో వాదించింది నేనే. ఆయనకి గుర్తులేదు. ఆ పిల్ల చేతిలో సిరంజీ చూస్తే ఒళ్ళు మండిపోతుంది నాకు.

నిన్న నేను గిన్నెలు కడుగుతుంటే పక్కకొచ్చి కంచాలు తుడవడం మొదలుపెట్టాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

“రేపు ఆఖరి నడక కదా. పై అర పంజరాల్లో వాటిని కాస్త చల్లగా చూడు.”

“అంటే?”

“మందు పడింది వాటికే. ఆ పిల్లకిది మొదటి పేపరు, పాపం. నువ్వైతే అర్థం చేసుకుంటావని...”

చేతులు సబ్బు నురగలోనే ఆగిపోయాయి. బాబుకి జ్వరం, ఇవాళ రాలేనంటే “రూలు రూలే” అన్న మనిషి. నాకోసం ఒక్కనాడూ తప్పని రూలు, ఆ పిల్లకోసం కంచం తుడుస్తూ తప్పాడు.

పొద్దున్న అందరూ చేరాక స్టాప్‌వాచీ బల్ల మీద పెట్టేశాను.

“నేను మార్కులు వేయలేను. వేటికి మందు పడిందో నాకు తెలిసిపోయింది.”

“ఎవరు చెప్పారక్కా?” అంది ఆ పిల్ల, పంజరం పట్టుకునే. పాపం దానికేమీ తెలీదు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అందరికీ అర్థమైపోయింది.

“అయితే మొదట్నుంచీ మళ్ళీ చెయ్యాలి” అంది ఆ పిల్లే, ఏడుపు దిగమింగుకుంటూ. ఆ మాట నాకంటే ముందు అన్నందుకు దాని మీద ఇంకాస్త కుళ్ళుకున్నాను.

“ఎంత నిజాయితీ అమ్మా మీది!” అన్నాడు ల్యాబులో ఈ మార్కుల లెక్కలు కట్టే ఆయన. నిజాయితీ లేదు, నా మొహం లేదు. శుద్ధ కుళ్ళు. కానీ చేసింది సరైన పనే.

అందరూ వెళ్ళాక మా ఆయన పళ్ళు కొరుకుతూ, “ఎంత పని చేశావ్! ఇంక నీతో పనేముంది, ఇంటికెళ్ళు” అన్నాడు.

ఆ పిల్ల కొక్కేనికి తగిలించి వెళ్ళిన తెల్లకోటు తీసి తొడుక్కున్నాను. కాస్త బిగుతైంది కానీ గుండీలు పట్టాయి.

“ఇంటికెందుకండీ? ఏమీ తెలియని మనిషిని ఇంకెవర్నైనా వెతుక్కోండి. ఈసారి మందు నేను కలుపుతాను.”