ఎన్ని వేళ్ళు

అప్పలనరసమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే చేట ముక్కుకి తగిలేటంత దగ్గరికి వచ్చేది. పదమూడేళ్ళుగా ఆమె అలాగే ఏరుతోంది, పదమూడేళ్ళుగా అత్త మంగాయమ్మ అదే మాట అంటోంది.

"ఏటే, రాళ్ళేరతన్నావా, బియ్యం వాసన సూస్తన్నావా?"

అనడం అత్త వంతు, నవ్వేసి ఊరుకోవడం కోడలి వంతు. ఇద్దరికీ అలవాటైపోయింది కాబట్టి గొడవ లేదు. ఆ శనివారం మధ్యాహ్నం కూడా నవ్వడానికి సిద్ధంగానే ఉంది గానీ, అంతలో బడి నుంచి కనకం వచ్చి పలకా సంచీ అరుగు మీద పడేసింది. కనకమహాలక్ష్మి ఆమెకి ఒక్కతే కూతురు. తొమ్మిదేళ్ళు నిండాయి, అయిదో తరగతి.

"అమ్మా, సోమారం మా బడికి విశాపట్నం నుంచి కళ్ళ డాక్టర్లొస్తారట. రెండ్రోజులుంటారట. కామేశం మేష్టారు సెప్పేరు."

"డాక్టర్లకి బడిలో ఏటి పని?"

"సిన్నపిల్లలకి దూరంగా ఉన్నవి ఎందుకు కనబడవో కనిపెడతారట. బాగా సదివితే వస్తాదో, తిండి సాలకొస్తాదో, అమ్మకుంటే పిల్లకొస్తాదో, ఊరూరూ తిరిగి పుస్తకంలో రాసుకుంటారట. ఇంట్లో ఎవరికుందో కూడా అడుగుతారట."

అప్పలనరసమ్మ వేళ్ళ మధ్య దొరికిన రాయి మళ్ళీ బియ్యంలోనే పడిపోయింది.

ఆమెకి నాలుగు మూరల అవతల ఉన్నది ఏదీ మనిషి కాదు, చెట్టు కాదు, గొడ్డు కాదు. అన్నీ ఒక్కలాంటి మసక ముద్దలే. ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. అందరికీ అలాగే కనిపిస్తుందేమో అనుకునేది చిన్నప్పుడు. కాదని తెలిసిన రోజునే తల్లి అచ్చియ్యమ్మ ఆమె నోరు మూయించింది. "కళ్ళ సంగతి ఎవలికీ సెప్పకు. గుడ్డిదాని కూతురు కూడా గుడ్డిదే అంటే ఎవడూ సేసుకోడు. సేసుకున్నోడు ఒగ్గేస్తాడు." అచ్చియ్యమ్మకి అప్పటికే ఒక కన్ను పోయింది. ముందు మెరుపులు మెరిశాయట, తర్వాత నల్ల నలకలు ఎగిరాయట, ఒక ఉదయం పక్క నుంచి నల్లటి తెర దిగిందట. రెండేళ్ళకి రెండో కన్నూ అలాగే పోయింది. పోయిన జన్మలో చేసుకున్న పాపం అన్నారు ఊళ్ళోవాళ్ళు. గోడలు తడుముకుంటూ తిరిగి తిరిగి, ఆఖరికి ఒక గోడ పక్కనే, కూతురి పెళ్ళికి ముందే, ప్రాణం విడిచింది. ఆమెకి చూపు పోయిన సంగతి సంబంధానికి వచ్చినవాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

పెళ్ళిచూపులకి వచ్చిన నాడు మంగాయమ్మ బొడ్డు సంచీలోంచి సూదీ దారం తీసి, "గుచ్చు పిల్లా," అంది. పిల్ల చూపు ఎలాంటిదో తెలుసుకోవడానికి ఆ వైపు పెద్దవాళ్ళు చేసే పనే అది. అప్పలనరసమ్మ తల బాగా వంచి, సూదిని కంటి దాకా తెచ్చుకుని, ఒక్క ఊపులో ఎక్కించేసింది. తల వంచడం సిగ్గనుకున్నారు. సంబంధం ఖాయమైపోయింది. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా మంగాయమ్మ ఆ సూది కథ చెప్పి మరీ వస్తుంది.

ఆ సూదిని నమ్మిన ఇంట్లో పదమూడేళ్ళు నెట్టుకొచ్చింది. మొగుడు సత్యారావుని దగ్గుని బట్టి, అత్తని మెట్టెల చప్పుడుని బట్టి పోల్చుకునేది. చెరుకు తోటకి అన్నం పట్టుకెళ్ళేటప్పుడు గట్టుని పాదాలతో వెతుక్కుంటూ నడిచేది. బెల్లం వండే రోజుల్లో పెనం దగ్గర నిలబడి, పాకం ఉడికే చప్పుడు విని, దించాలో వద్దో మగవాళ్ళకంటే ముందే చెప్పేసేది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు గానీ, బజార్లో ఎదురొచ్చిన ఆడబిడ్డని పలకరించకుండా పోయిందని మాత్రం ఊరంతా చెప్పుకున్నారు. ఒకసారి పెరట్లో మరిది వీపు చూసి మొగుడనుకుని, తువ్వాలు భుజం మీద వేసి ఏదో చనువుగా అంది. ఆ రోజు సత్యారావు కొట్టిన దెబ్బ కంటే అన్న మాట ఎక్కువ గుర్తుంది. "దీనికి కళ్ళు నెత్తికెక్కేయి." నెత్తికెక్కాయని అంటే నయమే అనుకుంది. టెక్కుగలదని తిట్టించుకోవచ్చు. గుడ్డిదనిపించుకుంటే ఆ ఇంట్లో తనకి అన్నం ఎవరు పెడతారు?

మూడేళ్ళప్పుడు కనకం వాకిట్లో ముగ్గు చుక్కల్ని వంగి వంగి చేత్తో తడుముతుంటే అప్పలనరసమ్మకి అంతా అర్థమైపోయింది. అర్థమైనా నోరెత్తలేదు. పిల్ల బడిలో బోర్డు చూడకుండానే నెట్టుకొస్తోంది. మేష్టారు ఒకసారి చదివితే చాలు, వల్లె వేసేసి క్లాసులో అందరికంటే ముందు అప్పజెప్పేస్తుంది. కిందటేడు వీధిలో ఒక పిల్లకి కళ్ళజోడు పెట్టించారు. సత్యారావు మీసం దువ్వుకుంటూ తీర్పు చెప్పేశాడు. "ఆడగుంటకి కళ్ళజోడేటి? సదువు మానిపిస్తే సరి, కళ్ళు అయ్యే కుదుటపడతాయి." తన పిల్లకీ అదే తీర్పు చెబుతాడని ఆమె భయం. బడి మానిపిస్తారు, ఇది ఎవరి నుంచి వచ్చిందని అడుగుతారు, వేళ్ళన్నీ తన వైపు తిరుగుతాయి.

ఆ ఆదివారమంతా అన్నం సయించలేదు. సోమవారం ఉదయం జడ వేస్తూ పిల్ల చెవిలో చెప్పింది. "నీ ముందున్నోళ్ళు ఏటి సెప్తారో బాగా వినుకో. నీ వంతొచ్చినప్పుడు అదే సెప్పేయి. కనబడ్డం నేదని మాత్రం అనకు."

మూడింటికి కనకం గంతులేసుకుంటూ వచ్చింది. పాసైపోయిందట. అప్పలనరసమ్మకి రెండు రోజుల తర్వాత ఊపిరాడింది. పిల్లని రెండు కాళ్ళ మధ్య కూచోబెట్టుకుని పేలు చూడ్డం మొదలెట్టింది. ఆ పనిలో వీధిలో ఆమెని మించినవాళ్ళు లేరు. వెంట్రుకకి అంటుకున్న ఈపి కూడా తప్పించుకోదు. కళ్ళకి అంత దగ్గరలో ఉన్న లోకం ఆమెకి అద్దంలా కనబడుతుంది.

"నాకొక్క అచ్చరమైనా కనబడలేదమ్మా," అంది కనకం గొప్పగా. "తెల్లటి అట్ట ఒకటే కనబడింది. నా ముందు పద్దెనిమిది మంది సెప్పేరు. నాను పంతొమ్మిదో దాన్ని. గడగడా సెప్పేసేను. డాక్టరమ్మ బేషంది."

"మరే, నా తల్లి."

"మెరుపుల సంగతి కూడా సెప్పలేదు."

దువ్వెన ఆగిపోయింది. "ఏ మెరుపులే?"

"ఎడం కంట్లో, ఈ పక్క. కళ్ళు మూసుకున్నా మెరుస్తాయి. దోమల్లాగ నల్లటివి కూడా ఎగురుతాయి. నువ్వు సెప్పొద్దన్నావని సెప్పలేదు."

"ఎన్నాళ్ళయింది?"

"మొన్న వినాయక సవితి కాణ్ణుంచి."

అప్పలనరసమ్మ దువ్వెన కింద పెట్టేసింది. అమ్మ చెప్పిన మాటలే ఇవి. మెరుపులు, నలకలు, తర్వాత తెర. అమ్మకి నలభై దాటాక వచ్చిన తెర, తొమ్మిదేళ్ళ పిల్ల కంటి పక్కన కాచుక్కూచుంది. ఎప్పుడు దిగుతుందో తెలియదు. ఈ రాత్రే దిగొచ్చు. కన్ను కాపాడాలంటే ఎవరికి చెప్పాలో వాళ్ళు ఊళ్ళోకే వచ్చారు, పిల్ల మొహం మీదికి వంగి చూశారు, బాగుందని రాసుకున్నారు. అలా రాయించింది తనే. పరాయివాళ్ళు చేస్తే శాపనార్థాలు పెట్టేది. తన నోటితో, తన చేత్తో జడ వేస్తూ చెప్పిన మాటకి ఎవర్ని తిట్టుకోవాలి? పిల్ల తలని కడుపుకి హత్తుకుని అలాగే కూచుండిపోయింది.

సత్యారావు భోజనానికి కూచున్నప్పుడు, పప్పు వడ్డిస్తూ మెల్లిగా అంది. "గుంట కళ్ళు రేపు మళ్ళీ ఒకసారి సూపిద్దారి. మజ్జానం డాక్టర్లెళ్ళిపోతారట."

"పాసు సేసేరు కదేటి. మళ్ళీ ఏటి సూపించడం?"

"కంట్లో మెరుపులొస్తన్నాయంతోంది."

"మా ఇంటావంటా కళ్ళ జబ్బు నేదు," అంది మంగాయమ్మ గుమ్మంలోంచి. "ఎండన పడి ఆడితే మెరుపులు రావేటి?"

అప్పలనరసమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు. "నాను తీసుకెళ్తాను," అంది. ఆ ఇంట్లో ఆమె నోట్లోంచి అలాంటి మాట రావడం మొదటిసారి. సత్యారావు ముద్ద ఆపి చూశాడు.

"ఆడదానివి, నువ్వెళ్ళి డాక్టర్లతో ఏటి మాటాడతావు? నానొస్తాను. అక్కడ నువ్వు నోరిప్పకు."

మర్నాడు బడిలో బల్లలన్నీ ఒక పక్కకి నెట్టేసి ఉన్నాయి. డాక్టరమ్మకి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. తెల్లచీర. దగ్గరికి వెళ్ళాక గానీ అప్పలనరసమ్మకి ఆవిడ మొహం కనబడలేదు. కనబడ్డాక చూపు తిప్పుకోలేకపోయింది. ఆ మొహానికి కళ్ళజోడుంది. ఆడమనిషి, కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీలో కూచుని, మగవాళ్ళకి పనులు చెబుతోంది.

డాక్టరమ్మ పెద్ద పుస్తకం తిరగేసింది. "కనకమహాలక్ష్మి. రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి. అక్షరాలన్నీ చదివేసిందే. మళ్ళీ ఎందుకొచ్చారు?"

"నానూ అదే అన్నానండి," అన్నాడు సత్యారావు. "ఆడోళ్ళ బయం."

పోదాం అన్నట్టు పిల్ల భుజం మీద చెయ్యి వేశాడు. అప్పలనరసమ్మ పిల్ల చెయ్యి వదల్లేదు. మెరుపుల మాట నాలుక మీద ఉంది, బయటికి రావడం లేదు. డాక్టరమ్మ ఆమె మొహం కేసి కాసేపు చూసింది. "వచ్చారు కాబట్టి అడుగుతున్నాను. ఇంట్లో ఎవరికైనా చూపు తక్కువా? నాన్నకి గానీ, అమ్మకి గానీ, అమ్మమ్మకి గానీ?"

"ఎవలికీ నేదండి. దీని కళ్ళయితే బెమ్మాండం. సూదిలో దారం ఎక్కించి మరీ వచ్చింది మా ఇంటికి."

"సూది దగ్గర్లో ఉంటుంది కదండీ," అంది డాక్టరమ్మ లేస్తూ. "నేను దూరం గురించి అడుగుతున్నాను. అమ్మా, నువ్వు ఆ గీత మీద నిలబడు. చదువొచ్చా?"

"రాదండి."

"అయితే నా వేళ్ళు లెక్కపెట్టు. ఎన్ని?"

"రెండు."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "ఇప్పుడు?"

"నాలుగు."

ఇంకా వెనక్కి వెళ్ళింది. వెళ్ళి వెళ్ళి గోడకి ఆనుకుంది. తెల్లచీర, సున్నం కొట్టిన గోడ, రెండూ కలిసిపోయాయి. ఆ తెలుపులో చెయ్యెక్కడుందో, మనిషెక్కడుందో తెలియలేదు. పిల్ల చెయ్యి ఇంకా అప్పలనరసమ్మ చేతిలోనే ఉంది.

"ఎన్ని వేళ్ళమ్మా?"

వెనక నుంచి సత్యారావు గొంతు, డాక్టరమ్మకి వినబడనంత చిన్నగా వచ్చింది. "మూడు. మూడని సెప్పు."

కనకం తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. పిల్లకీ వినబడింది. నిన్న పద్దెనిమిది మంది చెప్పింది విన్న చెవులు అవి. మూడు అంటే చాలు, ఇంటికి వెళ్ళిపోవచ్చు. వంట చేసుకోవచ్చు. చెప్పకపోతే ఈ మనిషి ఏం చేస్తాడో, అత్త ఏమంటుందో, బండెక్కించి పుట్టింటి గుమ్మంలో దింపేస్తే ఆ గుమ్మంలో తనకెవరున్నారో. అన్నీ ఒక్కసారే తలలోకి వచ్చాయి. పిల్ల ఇంకా అలాగే చూస్తోంది, తర్వాత తను ఏం చెప్పాలో నేర్చుకోవడానికి.

"మూడని మా ఇంటాయన అంతన్నారండి," అంది అప్పలనరసమ్మ. "నాకు మీ సెయ్యే కనబడ్డం నేదు. పుట్టిన కాణ్ణుంచీ అంతే. నిన్న నా గుంట కూడా సూసి సెప్పలేదండి, నాను నేర్పితే విని సెప్పింది. దాని ఎడం కంట్లో మెరుపులొస్తన్నాయి. మాయమ్మకీ అలాగే వచ్చేయి, గుడ్డిదై సచ్చిపోయింది. మీ పుస్తకంలో ఆ బాగుందన్నది కొట్టేసి, మా ముగ్గురివీ రాసుకోండి."