ఛాంపియన్ గారి వదిన

బాక్సర్ ఆడపడుచు గ్లవ్స్ లోపల చుట్టుకునే చేతిపట్టీలు ఉతికి ఆరేయడం వరకు ఆమెకు పెద్ద బాధ లేదు. ఆరినవాటిని చుట్ట చుట్టేటప్పుడే కడుపు భగ్గుమనేది. బొటనవేలికి తగిలించే ఉచ్చు పైకి రావాలంటే రెండో కొస నుంచి మొదలుపెట్టి బిగించి చుట్టాలి. ఒక్కోసారి కావాలనే తిరగేసి చుట్టేది. ఛాంపియన్ గారు పొద్దున్నే క్లబ్బులో అంత పొడుగు పట్టీనీ విప్పి మళ్లీ చుట్టుకునేది.

"వదినా, మళ్లీ తిరగేశావు!"

"అయ్యో, నా మతిమరుపు మండ!" అనేది. ఆ పూటంతా మనసు తేలిగ్గా ఉండేది.

ఈ ఛాంపియన్‌ని ఒకప్పుడు తనే రింగులో మట్టికరిపించింది మరి. ఆ రోజు చెల్లెలి పోటీ చూడ్డానికొచ్చిన అన్న, గెలిచినదాని మీద మనసు పారేసుకున్నాడు. పెళ్లయ్యాక అత్తగారు చల్లగా చెప్పింది: "కూతురు గుద్దితే పతకం తల్లీ. కోడలు గుద్దితే నగుబాటు." మొగుడేమో "ఇంటికో చితికిన ముక్కు చాలదా?" అన్నాడు. అది ముద్దు అనుకుని తనూ నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది.

కప్పుల మీద కప్పులొచ్చాయి. పేపర్లో ఫొటో ఆడపడుచుది, కప్పుల మీద దుమ్ము తనది. జాతీయ పోటీలో గెలిచిన రోజు ఆ పిల్ల టీవీలో "అమ్మ త్యాగం, అన్నయ్య ప్రోత్సాహం" అంది. ఆ మాట చెవిన పడేసరికి వదినగారు బకెట్లో ఆ పిల్ల చెమట బట్టలే నానబెడుతోంది. పోనీ తిట్టుకుందామా అంటే ఆడపడుచు మంచిదే. అదే అసలు బాధ. చెడ్డదైతే ఈ అసూయకు కాస్త పరువైనా ఉండేది.

ఓ సాయంత్రం క్లబ్బు కోచ్ ఇంటికొచ్చాడు. టీ అందుకుంటూ, "జట్టులో మీ ఆడపడుచు కంటే పై బరువు తరగతికి మనిషి లేదమ్మా. మళ్లీ గ్లవ్స్ వేసుకుంటావా?" అని ఆమెనే అడిగాడు.

ఆమె నోరు విప్పేలోగా మొగుడు అందుకున్నాడు. "ఆవిడా? ఇప్పుడు గిన్నెలతో తప్ప యుద్ధాల్లేవు సార్!"

"వదినొచ్చేస్తే నా పట్టీలెవరు చుడతారు?" అంది ఛాంపియన్, కాళ్లు చాపుకుని.

అందరూ నవ్వారు. ఈసారి ఆమె నవ్వలేదు. మూలనున్న తూకం యంత్రాన్ని కాలితో లాక్కుని ఎక్కింది. కోచ్ వంగి చూసి నోరెళ్లబెట్టాడు.

"అచ్చం మన ఛాంపియన్ బరువే!"

"రెండు వంటలెందుకని అత్తయ్య ఇన్నేళ్లూ నాకూ బరువు పెరగకూడదని ఈ పిల్లకి వండే ఉప్పులేని కూరలే పెట్టారుగా. పై బరువు నాకొద్దు సార్. దీని బరువులోనే నిలబడతాను."

కోచ్ టీ కప్పు కింద పెట్టాడు. "ఒక బరువులో ఒక్కరినే పోటీకి పంపుతారమ్మా."

"తెలుసు."

ఆడపడుచు చాపిన కాళ్లు ముడుచుకుంది. "వదినా... నాతోనా?"

"నీతోనే అమ్మాయ్. గెలిచినవాళ్లు వెళ్తారు, ఓడినవాళ్లు వంటిల్లు చూసుకుంటారు."